పొత్తుల తక్కెడ... బొగ్గుబాయి లెక్క

రోమ్‌లో అయినా ఢిల్లీలో అయినా సంకీర్ణ మంత్రివర్గం అంటే తూకమే. ఎవరికి ఎన్ని సీట్లు? ఎవరికి ఏ కుర్చీ? ఆ తూకంలో బొగ్గు శాఖ ఎటు మొగ్గిందో గోదావరిఖని ఎప్పుడూ ఓ కంట కనిపెడుతూనే ఉంటుంది. దానికి కారణముంది!

ఢిల్లీలో కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసిన మర్నాడు పేపరు చేతికి రాగానే ఎవరైనా ఏం చూస్తారు? ప్రధాని ఎవరు, హోం ఎవరికి, ఆర్థికం ఎవరికి... అంతే కదా! గోదావరిఖనిలో మాత్రం చూపు జాబితాలో ఇంకాస్త కిందికి జారుతుంది. బొగ్గు శాఖ ఎవరికిచ్చారు? కార్మిక శాఖ ఎవరికి దక్కింది? మొదటి షిఫ్టు ముగించుకుని బాయి నుంచి ఇంటిదారి పట్టినవాళ్లు చాయ్ హోటళ్ల దగ్గర మాట్లాడుకునేది ఆ రెండు పేర్ల గురించే. ఒక్క పార్టీ ప్రభుత్వం ఉన్నప్పుడు ఆ చర్చ పది నిమిషాల్లో తేలిపోతుంది. పదీపన్నెండు పార్టీలు కలిసి గద్దెనెక్కినప్పుడు మాత్రం నెలల తరబడి సాగుతుంది. ఎందుకంటే అప్పుడు కుర్చీలో కూర్చునేది ఎవరో, ఎన్నాళ్లు కూర్చుంటారో కూర్చున్నవాళ్లకే తెలియదు!

పొత్తుల సర్కార్లకు పెట్టింది పేరు ఇటలీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గణతంత్రంగా మారిన ఆ దేశంలో 2022 అక్టోబరులో జార్జియా మెలోని ఏర్పాటుచేసింది 68వ ప్రభుత్వం. అంటే సగటున ఏడాదికో సర్కారు లెక్క! మన దగ్గర అంత వేగం లేకపోయినా 1989 నుంచి 2014 దాకా ఢిల్లీని ఏలినవన్నీ పొత్తుల సర్కార్లో, మెజారిటీ లేని సర్కార్లో. వాటిలో బొగ్గుబాయి బతుకును దగ్గరగా తాకింది 2004లో ఏర్పడ్డ యూపీఏ మంత్రివర్గం. దాని కథలో ఇటలీ వాసనలూ ఉన్నాయి, సింగరేణి పాఠాలూ ఉన్నాయి.

ఇంటికి ఇద్దరు పెద్దలు

ముందు అసలు సంగతి. సింగరేణి రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ అనే అందరూ అనుకుంటారు. నిజమే, కానీ సగమే నిజం. వాటాల్లో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పునర్విభజన చట్టంలోనూ ఆ లెక్కే రాశారు. 51 శాతం తెలంగాణకు వచ్చింది, 49 శాతం కేంద్రం దగ్గరే ఉండిపోయింది. ఒకే ఇంటికి ఇద్దరు పెద్దలన్నమాట.

అంతటితో అయిపోలేదు. కొత్త బొగ్గు బ్లాకు కావాలంటే కేంద్ర బొగ్గు శాఖ తలూపాలి. గని కార్మికుల భవిష్య నిధి, పింఛను చూసే సీఎంపీఎఫ్ సంస్థా ఆ శాఖ కిందే ఉంది. దాని ప్రాంతీయ కార్యాలయం గోదావరిఖనిలో ఉంది. రిటైరైన కార్మికుడు కాగితాలు పట్టుకుని తిరిగేది అక్కడికే. గనిలో ప్రాణాలకు రక్షణ ఉందో లేదో చూసే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ మాత్రం బొగ్గు శాఖ కింద లేదు. అది కేంద్ర కార్మిక శాఖ పరిధి. ఇక జీతం సంగతి... అది హైదరాబాద్‌లో తేలదు, కొత్తగూడెంలోనూ తేలదు. కోల్ ఇండియాతో కలిపి జాతీయ స్థాయిలో జరిగే వేతన ఒప్పందంలో తేలుతుంది.

ఇన్ని తాళ్లు ఢిల్లీలో ఉన్నప్పుడు అక్కడ ఏ తాడు ఎవరి చేతికి వచ్చిందో చూడకుండా ఎలా ఉంటారు!

చెంచెల్లి తక్కెడ

ఇటలీలో 1960ల చివర్లో క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీలో మసిమిలియానో చెంచెల్లి అనే కార్యకర్త ఉండేవాడు. పార్టీలో బోలెడు వర్గాలు. పదవుల పంపకం వచ్చిందంటే చాలు, కొట్లాట. దీనికో దారి ఉండాలని ఆయన ఓ సూత్రం తయారుచేశాడు. కంపెనీలో వాటాలున్నట్టే పార్టీలో ఏ వర్గానికి ఎంత బలముందో లెక్కగట్టి, ఆ నిష్పత్తిలో పదవులు పంచాలన్నది దాని సారం. అన్ని పదవుల బరువూ ఒకటి కాదు కదా... హోం శాఖ ఒక ఎత్తు, చిన్నాచితకా శాఖలు ఒక ఎత్తు. ఆ బరువులూ లెక్కలోకి వచ్చాయి. తర్వాత అది పార్టీ గడప దాటి పొత్తుల సర్కార్లకూ పాకింది. ఇప్పటికీ ఇటలీలో పదవుల పంపకం అనగానే పత్రికలు 'చెంచెల్లి మాన్యువల్' అంటూ రాస్తుంటాయి. 1980ల్లో అక్కడ అయిదు పార్టీలు కలిసి దాదాపు దశాబ్దం పాటు రాజ్యమేలాయి. ప్రధానులు మారేవారు, పార్టీలు మాత్రం అవే. కుర్చీలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు... అంతే తేడా.

మన దగ్గర అలాంటి పుస్తకమేదీ లేదు. తక్కెడ మాత్రం ఉంది. పైగా 2003లో చేసిన 91వ రాజ్యాంగ సవరణతో మంత్రుల సంఖ్య లోక్‌సభ బలంలో 15 శాతం దాటకూడదన్న నిబంధన వచ్చింది. కుర్చీలు పెంచి అందర్నీ సంతోషపెట్టే దారి మూసుకుపోయింది. ఇక కొట్లాటంతా ఏ కుర్చీ అన్నదాని మీదే!

2004 మేలో సరిగ్గా అదే జరిగింది. కాంగ్రెస్‌కు వచ్చినవి 145 సీట్లు. మెజారిటీకి ఎంతో దూరం. లాలూ ప్రసాద్ ఆర్జేడీ, కరుణానిధి డీఎంకే, శరద్ పవార్ ఎన్సీపీ... ఇలా మిత్రులందరికీ కుర్చీలు వేయాలి. అయిదుగురు ఎంపీలున్న టీఆర్ఎస్ అధినేత కేసీఆర్‌కు నౌకాయాన శాఖ ఇచ్చారు. కరీంనగర్ నుంచి గెలిచిన ఎంపీకి, సముద్రమే లేని ప్రాంతం పార్టీకి నౌకలు! ఆ ముచ్చటా మూడు రోజులు నిలవలేదు. అనుకున్న శాఖలు రాలేదని డీఎంకే అలిగింది. నౌకాయానం తమకే కావాలంది. కేసీఆర్ ఆ శాఖ వదులుకున్నారు. డీఎంకే నేత టి.ఆర్.బాలు చేతికి రోడ్లతోపాటు నౌకలూ వెళ్లాయి. కేసీఆర్ నెలల తరబడి శాఖ లేని మంత్రిగా ఉండిపోయారు. 2004 నవంబరు 27న ఆయనకు కార్మిక శాఖ దక్కింది.

ఆ మంత్రివర్గంలోనే సరిగ్గా అయిదుగురు ఎంపీలున్న పార్టీ మరొకటి ఉంది. శిబూ సోరెన్ నాయకత్వంలోని జార్ఖండ్ ముక్తి మోర్చా. దానికి దక్కింది బొగ్గు శాఖ. అంటే గోదావరిఖని కార్మికుడికి అక్కరకొచ్చే రెండు కుర్చీలూ అయిదేసి సీట్ల చిన్న పార్టీల దగ్గరకు చేరాయన్నమాట. ఒకటి బొగ్గు రాష్ట్రం నాయకుడిది. మరొకటి గోదావరిఖని అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో ఆ కరీంనగర్ ఎంపీది. ఇంతకంటే అనుకూలమైన పంపకం ఉంటుందా?

మూడు రాకలు... మూడు పోకలు

కాగితం మీద బాగానే ఉంది. జరిగింది వేరు.

సోరెన్ 2004 మేలో బొగ్గు మంత్రి అయ్యారు. రెండు నెలలు తిరిగేసరికే జులైలో ఓ పాత కేసులో అరెస్టు వారెంటు రావడంతో రాజీనామా చేశారు. శాఖ ప్రధాని మన్మోహన్ సింగ్ దగ్గరకు వెళ్లింది. నవంబరులో సోరెన్ తిరిగొచ్చారు. 2005 మార్చిలో జార్ఖండ్ ముఖ్యమంత్రి పదవి కోసం మళ్లీ వెళ్లారు. బలం చాలక అక్కడా ఎక్కువ రోజులు లేరు. శాఖ మళ్లీ ప్రధాని దగ్గరకు! 2006 జనవరిలో మూడోసారి వచ్చారు. నవంబరులో మరో కేసులో కోర్టు దోషిగా తేల్చడంతో మూడోసారీ వెళ్లారు. ఆ తీర్పును ఢిల్లీ హైకోర్టు 2007లో కొట్టేసింది. కానీ బొగ్గు కుర్చీ మాత్రం 2009 దాకా ప్రధాని దగ్గరే ఉండిపోయింది.

రెండున్నరేళ్లలో మూడు రాకలు, మూడు పోకలు. మధ్యమధ్యలో దేశమంత పని నెత్తినున్న ప్రధాని. ఆ శాఖలో సహాయమంత్రిగా మన దర్శకరత్న దాసరి నారాయణరావు ఉండటం తెలుగువాళ్లకు కాస్త ఊరట. వినతిపత్రం తెలుగులో ఇచ్చినా చదివేవారు ఒకరున్నారు! అయితే పెద్ద కుర్చీ ఊగుతుంటే పక్క కుర్చీ ఎంతవరకు చేయగలదు?

కార్మిక శాఖ కథ మరోలా నడిచింది. ఆ శాఖ విలువేమిటో గోదావరిఖనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ఒక్కసారిగా ముంచెత్తి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. పెద్ద ప్రమాదం జరిగితే విచారణ కోర్టును నియమించేది కేంద్రం. చూసేది కార్మిక శాఖ. గనుల భద్రత అధికారులు నడిచేదీ ఆ శాఖ కిందే. అలాంటి శాఖ మన జిల్లా ఎంపీకి వచ్చిందంటే ఆశలు పుట్టడం సహజమే. అటు హైదరాబాద్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో కార్మిక శాఖ జి.వినోద్‌ది. ఆయన బొగ్గుగనుల ప్రాంతమైన చెన్నూరు ఎమ్మెల్యే. తండ్రి జి.వెంకటస్వామి... అందరూ 'కాకా' అని పిలుచుకునే పెద్దపల్లి ఎంపీ. పీవీ నరసింహారావు హయాంలో ఆయనా కేంద్ర కార్మిక మంత్రిగా చేసినవారే. ఢిల్లీ నుంచి హైదరాబాద్ దాకా కార్మిక శాఖంతా మన చుట్టుపక్కలే తిరిగిన కాలమది.

కానీ ఆ పొత్తు కుదిరింది బొగ్గు కోసమో, భద్రత కోసమో కాదు. దాని ప్రాణం వేరేచోట ఉంది. ఒకే ఒక్క వాక్యంలో!

ఆ ఒక్క వాక్యం

2004 మే చివర్లో యూపీఏ ఉమ్మడి కనీస కార్యక్రమం విడుదల చేసింది. పార్టీలన్నీ కలిసి ఒప్పుకున్న పత్రమది. తెలంగాణ గురించి అందులో ఒక్కటే వాక్యం. సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం సాధించాక, తగిన సమయంలో తెలంగాణ డిమాండును పరిశీలిస్తామన్నది దాని సారాంశం.

మళ్లీ ఓసారి చదవండి. 'తగిన సమయం' అంటే ఎప్పుడు? రాయలేదు. 'ఏకాభిప్రాయం' అంటే ఎందరు ఒప్పుకోవాలి? రాయలేదు. 'పరిశీలించడం' అంటే ఇవ్వడమా? అదీ చెప్పలేదు. ఆ వాక్యం చూపించి టీఆర్ఎస్ తెలంగాణ వచ్చేసినట్టే అని చెప్పుకోగలిగింది. ఆ వాక్యమే చూపించి కాంగ్రెస్ మేమేం మాటివ్వలేదని చెప్పుకోగలిగింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు! పొత్తు కుదరడానికి ఆ అస్పష్టతే దారైంది. చెడటానికీ అదే కారణమైంది.

సంప్రదింపుల కోసం ప్రణబ్ ముఖర్జీ నాయకత్వంలో కమిటీ వేశారు. నెలలు గడిచాయి. తేలలేదు. ముందు హైదరాబాద్‌లో తెగింది. వైఎస్ మంత్రివర్గంలోని ఆరుగురు టీఆర్ఎస్ మంత్రులు 2005 జులైలో బయటకొచ్చారు. ఏడాది తర్వాత, 2006 ఆగస్టులో కేసీఆర్ కేంద్ర మంత్రి పదవి వదిలేశారు. ఆ తర్వాత ఎంపీ పదవికీ రాజీనామా చేశారు. డిసెంబరులో జరిగిన కరీంనగర్ ఉప ఎన్నికలో రెండు లక్షలకు పైగా మెజారిటీతో తిరిగి గెలిచారు. జనం తీర్పు జనం ఇచ్చారు. కార్మిక శాఖ మాత్రం మళ్లీ చేతులు మారింది. మన జిల్లా మనిషి ఆ కుర్చీలో ఉన్నది రెండేళ్ల లోపే.

281 పేజీలున్నా...

సరే, ఒక్క వాక్యం కాబట్టి చెడింది, వివరంగా రాసుకుని ఉంటే నిలిచేదేమో! అనిపిస్తుంది కదా? దానికి జవాబు ఇటలీలో ఉంది. అదీ ఇంచుమించు అదే కాలంలో.

2006 మే 17న రొమానో ప్రోడీ రెండోసారి ఇటలీ ప్రధాని అయ్యారు. వెనకున్నది డజను దాకా పార్టీల కూటమి. కమ్యూనిస్టుల నుంచి క్యాథలిక్ మధ్యేవాదుల దాకా అందరూ అందులోనే. ముందు జాగ్రత్తగా వాళ్లు ఎన్నికల ప్రణాళికను 281 పేజీల్లో రాసుకున్నారు. మంత్రులు, సహాయమంత్రులు కలిపి వంద దాటారు. అయినా సెనేట్‌లో ఎన్నికైన సభ్యుల తేడా రెండంటే రెండే సీట్లు! ఓటింగ్ వచ్చిన ప్రతిసారీ గుండె దడే. నోబెల్ శాస్త్రవేత్త రీటా లెవి మోంటాల్చినీ జీవితకాల సెనేటర్. తొంభయ్యేడేళ్లు దాటిన ఆమె ఓటు మీద కూడా సర్కారు ఆధారపడాల్సి వచ్చింది.

281 పేజీలు రాశారు. కానీ గొడవ వచ్చే చోటల్లా మాట మింగేశారు, లేదంటే అందరికీ నచ్చేలా తిప్పి రాశారు. 2007 ఫిబ్రవరిలో విదేశాంగ విధానంపై సెనేట్‌లో ఓడిపోగానే ప్రోడీ రాజీనామా చేశారు. రాష్ట్రపతి వెనక్కి పంపారు. ఈసారి ప్రోడీ మిత్రుల ముందు 12 అంశాలు పెట్టి, వీటిపై బేరాల్లేవు అన్నారు. 281 పేజీలు చేయలేని పని ఆ 12 అంశాలు కొన్నాళ్లు చేశాయి. చివరికి కొద్దిమంది సెనేటర్లున్న చిన్న పార్టీ నేత, న్యాయశాఖ మంత్రి క్లెమెంతే మస్తెల్లా తప్పుకున్నారు. భార్య గృహనిర్బంధం, తనపైనా దర్యాప్తు... ఆయన అలకకు కారణమది. 2008 జనవరి 24న సెనేట్‌లో ప్రోడీకి 156 ఓట్లు, వ్యతిరేకంగా 161. సర్కారు కూలింది.

కాబట్టి పేజీల లెక్క కాదు ముఖ్యం. ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలన్నది అందులో ఉందా లేదా అన్నదే.

ఒక్క ఓటు!

పొత్తు మంత్రివర్గాల చరిత్రలో ఒక్క ఓటు తేడాతో కూలినవీ ఉన్నాయి.

* 1954 నవంబరు 6... ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. కాంగ్రెస్‌తో కలిసి నడిపిన ఆయన సర్కారు మద్యనిషేధం విషయంలో అవిశ్వాసానికి ఒక్క ఓటుతో ఓడింది. రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది నెల రోజులే.

* 1998 అక్టోబరు 9... ఇటలీలో ప్రోడీ మొదటి సర్కారు. బయటి నుంచి బలమిచ్చిన కమ్యూనిస్టులు బడ్జెట్‌పై అలిగారు. అనుకూలం 312, వ్యతిరేకం 313.

* 1999 ఏప్రిల్ 17... వాజ్‌పేయీ సర్కారు. అన్నాడీఎంకే తప్పుకొంది. అనుకూలం 269, వ్యతిరేకం 270.

బయటి నుంచి మద్దతు

పొత్తుల్లో ఇంకో రకముంది. కుర్చీ అక్కర్లేదు, బయటి నుంచి బలమిస్తాం అనడం. నింద అంటదు, పట్టు పోదు. 2004లో 59 మంది ఎంపీలున్న వామపక్షాలు యూపీఏకు ఇచ్చింది అలాంటి మద్దతే. గోదావరిఖనిలో ఇది వింత దృశ్యం. ఏఐటీయూసీ జెండా పట్టిన కార్మికుడి పార్టీ ఢిల్లీలో సర్కారును నిలబెడుతోంది. అదే కార్మికుడు 2005 సెప్టెంబరు 29న అదే సర్కారు విధానాలకు వ్యతిరేకంగా దేశవ్యాప్త సమ్మె పిలుపు అందుకున్నాడు. చివరికి 2008 జులైలో అమెరికాతో అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించాయి. ఆ నెల 22న విశ్వాస పరీక్షలో యూపీఏ 275-256తో గట్టెక్కింది.

బయటి మద్దతుతో ఊరికి ఎంత ఒరుగుతుందో రామగుండానికి మరో అనుభవం కూడా ఉంది. ఇక్కడి ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారంలో 1999 మార్చి 31తో ఉత్పత్తి ఆగిపోయింది. కార్పొరేషన్ కర్మాగారాలను మూసేయాలని 2002లో వాజ్‌పేయీ సర్కారు నిర్ణయించింది. అప్పుడు బయటి నుంచి బలమిచ్చింది 29 మంది ఎంపీలున్న తెలుగుదేశం. ఎంపీల సంఖ్యకు కొదవలేదు. కర్మాగారం మాత్రం మూతపడింది. ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో అక్కడ మళ్లీ యూరియా తయారైంది 2021లో. మధ్యలో రెండు దశాబ్దాలు, ఓ తరం కుర్రాళ్ల ఉద్యోగాలు!

కలిసి కూచునే శత్రువులు

ఇప్పుడు బొగ్గుబాయి దగ్గరున్న మరో పొత్తు చూద్దాం. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం కోసం కూర్చునే సంయుక్త కమిటీనే జేబీసీసీఐ అంటారు. బల్లకు ఒకవైపు కోల్ ఇండియా, సింగరేణి యాజమాన్యాలు. రెండోవైపు కార్మిక సంఘాలు. ఆ సంఘాలు ఎవరివి? ఒకటి బీజేపీకి దగ్గరైన బీఎంఎస్, ఇంకోటి సీపీఐది, మరోటి సీపీఎంది, వేరొకటి హెచ్ఎంఎస్. బయట గేట్ మీటింగుల్లో ఒకరినొకరు తూర్పారబట్టుకునేవాళ్లే. ఢిల్లీలో ఒకే మంత్రివర్గంలో ఇమడని జెండాలు అక్కడ ఒకే వరసలో కూచుంటాయి.

2023 మే 20న సంతకాలైన 11వ ఒప్పందం చూడండి. కనీస హామీ పెంపు 19 శాతం. వర్తించేది 2021 జులై 1 నుంచి. గడువు అయిదేళ్లు, అంటే 2026 జూన్ 30 దాకా. బీఎంఎస్, హెచ్ఎంఎస్, ఏఐటీయూసీ, సీఐటీయూ నాలుగూ సంతకం పెట్టాయి. ఎంతో, ఎప్పటి నుంచో, ఎన్నాళ్లో... మూడూ అంకెల్లో ఉన్నాయి. 19 శాతాన్ని ఎవరూ 18గానో 20గానో చదవలేరు. జులై 1కి రెండో అర్థం లేదు. ఆలస్యం కావచ్చు, అసంతృప్తి ఉండొచ్చు. కానీ నేనన్నది అది కాదని చెప్పే వీలు మాత్రం ఎవరికీ లేదు.

అదే గని కార్మికుడి పింఛను సంగతి చూడండి. 1998లో వచ్చిన పథకంలో ఎప్పటికప్పుడు సమీక్షించాలని ఉంది. ఎంత పెంచాలన్నది మాత్రం లేదు. ఏళ్లు గడిచినా రిటైరైన నాటి లెక్కే మిగిలిన పెద్దలు గోదావరిఖని వాడల్లో ఎందరో! అంకె ఉన్న ఒప్పందానికీ, అంకె లేని మాటకూ తేడా ఇది. అది ఆ ఇళ్లలోనే కళ్లకు కడుతుంది.

ఎన్నికల పొత్తు ఒకలా, బాయి మీద లెక్క ఇంకోలా ఉంటుందని కూడా సింగరేణి చూపించింది. 2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్, సీపీఐ పొత్తు. నెల తిరక్కుండా డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో వాటి సంఘాలు ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ ఢీ అంటే ఢీ. కంపెనీ మొత్తం మీద సుమారు రెండు వేల ఓట్ల ఆధిక్యంతో గుర్తింపు సంఘంగా నిలిచింది ఏఐటీయూసీ. ఏరియాల లెక్కలో ఐఎన్‌టీయూసీకి 6, ఏఐటీయూసీకి 5. రామగుండం ఒకటి, రెండు ఏరియాలు ఒకరివి, మూడో ఏరియా మరొకరిది. అంటే కంపెనీ స్థాయిలో ఒకరు, ఏరియాలో మరొకరు యాజమాన్యంతో మాట్లాడాలి. ఇదీ ఓ సంకీర్ణమే. ఓటరు తెలిసి వేసిన తక్కెడ!

మళ్లీ అదే తూకం

తెలంగాణ వాక్యం సంగతి చివరికేమైంది? రాష్ట్రం వచ్చింది. కానీ 2004 పత్రం వల్ల రాలేదు. రోడ్డెక్కితే వచ్చింది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా బాయి దిగలేదు. బొగ్గు కదలక కరెంటు కోతలు మొదలయ్యాయి. రామగుండం ఎన్టీపీసీ వెలుగులు దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ వెళతాయి. ఆ సెగ ఎంత దూరం తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లు ఆమోదించింది. జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. 'తగిన సమయం' అన్న మాటకు అర్థం దొరకడానికి పదేళ్లు పట్టింది.

2024 జూన్‌లో ఢిల్లీలో మళ్లీ పొత్తుల లెక్క మొదలైంది. బీజేపీకి సొంత మెజారిటీ రాలేదు. 16 మంది ఎంపీలతో తెలుగుదేశం, 12 మందితో జేడీయూ కీలకమయ్యాయి. ఈసారి బొగ్గు శాఖ సికింద్రాబాద్ ఎంపీ జి.కిషన్‌రెడ్డికి దక్కింది. అటు హైదరాబాద్‌లో కాంగ్రెస్ సర్కారు. 2025 జూన్‌లో కార్మిక, గనుల శాఖలు చెన్నూరు ఎమ్మెల్యే జి.వివేక్‌కు ఇచ్చారు. కాకా ఇంట్లో కార్మిక శాఖ చూసిన మూడో మనిషి ఆయన! 49 శాతం పెద్ద ఒక పార్టీ, 51 శాతం పెద్ద మరో పార్టీ. తేడా ఎక్కడ వస్తుందో వెంటనే తెలిసింది. మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బొగ్గు బ్లాకును మిగతావాటితో కలిపి వేలానికి పెడుతున్నట్టు 2024 జూన్ 21న హైదరాబాద్‌లోనే ప్రకటించారు. వేలం లేకుండా సింగరేణికే ఇవ్వాలని ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క అదే వేదికపై కోరారు. పాత గనుల్లో బొగ్గు తరిగిపోతుంటే కొత్త బ్లాకు అంటే కంపెనీకి రేపటి తిండి. కార్మికుల పిల్లలకు రేపటి ఉద్యోగం.

ఏరు దాటాక తెప్ప తగలేయడం రాజకీయాల్లో కొత్త కాదు. రోమ్‌లోనూ అంతే, ఢిల్లీలోనూ అంతే. అందుకే ఈసారి ఎవరైనా పొత్తు పత్రం పట్టుకుని మీ వాడకు వస్తే ఎన్ని పార్టీలు కలిశాయని లెక్కపెట్టకండి. ఏ కుర్చీ దక్కిందని మురిసిపోకండి. మూడే ప్రశ్నలు అడగండి. ఏమిస్తారు? ఎంతిస్తారు? ఎప్పటిలోగా ఇస్తారు? జీతం ఒప్పందం దగ్గర గోదావరిఖని ఏనాడూ మరిచిపోని ప్రశ్నలివి. ఓటు దగ్గర ఎందుకు మరవాలి?